సెలవుల్లో ముఖానికి పీల్ చేయిద్దామనుకుంటున్నారా?



ఈ మధ్య పేరెంట్ టీచర్ మీటింగ్‌లో ప్రోగ్రెస్ కార్డు మూసేశాక కొందరు అమ్మలు గొంతు తగ్గించి నన్నొక మాట అడుగుతున్నారు: "మేడమ్, మీరు కెమికల్ పీల్ చేయించుకున్నారట కదా, మా పాపకి ఈ సెలవుల్లో చేయించొచ్చా?" మేలో ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నవాళ్ళు, పదో తరగతి పూర్తయి కాలేజీలో చేరబోయే పిల్లలున్నవాళ్ళు ఎక్కువగా అడుగుతున్నారు. నేను డాక్టర్‌ని కాను. చేయించుకున్న మనిషిగా, రోజూ మీ పిల్లల ముఖాలు చూసే టీచర్‌గా చెబుతున్నాను.

నాకు బీఈడీ చదివేటప్పుడు వచ్చిన మొటిమలు తగ్గినా మచ్చలు ఉండిపోయాయి. స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆ రోజే పీల్ చేయలేదు. మూడు వారాలు రాత్రిపూట ఒక క్రీము, పగలు సన్‌స్క్రీన్ వాడమన్నారు. చాలా ప్రశ్నలు వేశారు. మొటిమలకు మాత్రలు ఏమైనా మింగారా? పెదవి మీద పొక్కులు వస్తుంటాయా? దెబ్బ తగిలితే మచ్చ ఉబ్బెత్తుగా కడుతుందా? ఇవేవీ అడగకుండా మొదటి రోజే కుర్చీలో కూర్చోబెట్టే చోటు నుంచి లేచి వచ్చేయండి.

యాసిడ్ అనగానే భయపడతాం గానీ, గ్లైకాలిక్ యాసిడ్ చెరకులోనూ ఉంటుంది, లాక్టిక్ యాసిడ్ పుల్లటి పెరుగులోనూ ఉంటుంది. మొటిమలున్న జిడ్డు చర్మానికి ఎక్కువగా వాడేది సాలిసిలిక్ యాసిడ్. అది నూనెలో కరుగుతుంది కాబట్టి రంధ్రాల్లోకి దిగుతుంది. ఇవి చర్మం పై పొరను వదులు చేసి ఊడిపోయేలా చేస్తాయి. అంటే, లెక్క ప్రకారం చేసే చిన్న గాయమన్నమాట. నాకు రాసినప్పుడు ముఖం మీద చీమలు పాకుతున్నట్టు చురచురమంది, కొన్ని నిమిషాల్లో కడిగేశారు. ఆ రోజు కాస్త ఎరుపు, మర్నాడు బిగుతు. మూడో రోజు నుంచి నోటి చుట్టూ, ముక్కు పక్కన పొట్టు రాలింది. పిల్లలు అరచేతికి ఫెవికాల్ రాసి ఆరాక ఒలుస్తారే, అలాగే లాగేయాలనిపిస్తుంది. లాగకూడదు. లాగితే నల్లమచ్చ పడుతుంది. సున్నిపిండి, నిమ్మరసం, పసుపు ఏవీ పెట్టకూడదు. ఆ వారం మా ఆరో తరగతి వాళ్ళు "మేడమ్, మీ ముఖం మీద చాక్‌పీస్ పొడి" అని ఎన్నిసార్లు చెప్పారో! అలా రెండు మూడు వారాలకొకటి చొప్పున ఐదు సిట్టింగులు అయ్యాయి. మచ్చలు పలచబడ్డాయి, పూర్తిగా పోలేదు. గుంటలు అలాగే ఉన్నాయి. పైపై పీల్ గుంటల్ని పూడ్చదు.

ఇక సెలవుల సంగతి. బడి ఉండదు, ఇంట్లోనే ఉంటుంది కదా అని మే నెల అనుకూలమనుకుంటున్నారు. మన ఊళ్ళలో అదే అన్నిటికంటే చెడ్డ నెల. పై పొర పోయిన చర్మానికి ఎండ తగిలితే, మనలాంటి చామనఛాయ, నలుపు చర్మాల్లో పాత మచ్చకంటే ముదురు మచ్చ వచ్చే అవకాశం ఎక్కువ. అది పోవడానికి నెలలు పడుతుంది. ఫంక్షన్‌కి వారం ముందు అసలే వద్దు, ఫొటోల్లో పొట్టు రాలుతున్న ముఖమే పడుతుంది. మొటిమలు ఇంకా వస్తున్న పిల్లలకైతే ముందు వాటికి వైద్యం కావాలి. పీల్ అవసరమా కాదా అన్నది ఆ తర్వాతి మాట.

ఆన్‌లైన్‌లో దొరికే 30 శాతం, 50 శాతం సీసాలు తెప్పించకండి. శాతం ఎక్కువైతే మంచిదనుకోవడం మార్కుల దగ్గర చెల్లుతుందేమో గానీ ఇక్కడ కాదు. ఇలాంటివి డాక్టర్ పర్యవేక్షణ లేకుండా కొనవద్దనీ, వాడవద్దనీ 2024 జూలైలో అమెరికా ఎఫ్‌డీఏ కూడా హెచ్చరించింది. ఇంట్లో రాసుకుంటే ఎంతసేపు ఉంచాలో, ఎప్పుడు కడగాలో చెప్పేవాళ్ళుండరు.

ఇంకొక్క మాట, కొంచెం కష్టమైనదే. "పీల్‌తో మా పాప తెల్లబడుతుందా?" అని ఒకావిడ అడిగినప్పుడు ఆ పాప పక్కనే నిలబడి బూట్ల లేసులు చూసుకుంటోంది. పీల్ పుట్టుకతో వచ్చిన రంగును మార్చదు, మార్చాల్సిన అవసరమూ లేదు. కోవిడ్ ఎప్పుడో పోయినా మా క్లాసుల్లో మాస్కు తీయని పిల్లలు ఇంకా ఉన్నారు. వాళ్ళకి జవాబు తెలిసినా చెయ్యెత్తరు. అలాంటి పాప మీ ఇంట్లో ఉంటే, రంగు గురించి అడగాల్సినవి ఆమె లేనప్పుడు అడగండి.

డాక్టర్ సలహాతోనే చేయించినట్లయితే క్లాస్ టీచర్‌కి డైరీలో ఒక ముక్క రాసి పంపండి. ఆ వారం, పది రోజులూ పీఈటీ పీరియడ్‌లో పాపను నీడన కూర్చోబెడతాం.