నాలా బాగుచేయమంటే క్యూలో నిలబెట్టారు

2020 అక్టోబరు 13 రాత్రి ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల వాన పడిందని టీవీలో చెప్పారట. మా టీవీ అప్పటికే నీళ్ళలో ఉంది. హైదరాబాద్‌లో సరూర్‌నగర్ చెరువు పొంగితే ఆ నీళ్ళు మూసీకి పోయే కాలువ, అదే నాలా, దాని పక్కనే మా కాలనీ. కింద రెండు గదుల్లో కిరాయికి ఉండేవాళ్ళం. నీళ్ళు గడప దాటి రాలేదు, బాత్రూమ్ తూములోంచి పైకి తన్నాయి, నల్లగా, డ్రైనేజీ కంపుతో. పిల్లల్ని ఓనరు వాళ్ళ మేడ మీదికి పంపి, నేనూ మా ఆయనా బియ్యం బస్తా మంచం మీదికి ఎత్తాం. కాసేపటికి మంచమూ మునిగింది.

నేను జాకెట్లు కుడతాను. బతుకమ్మ పండుగ ముందర కాబట్టి గిరాకీ బాగుండింది. కుట్టడానికి ఇచ్చిన గుడ్డల మూట విప్పి చూస్తే ఎరుపు పచ్చకంటి, పచ్చ తెలుపుకంటి, ఒక్క గుడ్డా పనికి రాలేదు. మిషన్ మోటారు పోయింది. గుడ్డల డబ్బులు అప్పు చేసి కట్టాను. ఒకామె మాత్రం "నీదేం తప్పు బిడ్డా" అని తీసుకోలేదు.

నీళ్ళు తీశాక చూస్తే సంపు నిండా మురుగే. తోడిపోసిందీ బ్లీచింగ్ చల్లిందీ మేమే. కార్పొరేషన్ ఆఫీసువాళ్ళు ఫోన్ ఎత్తకపోయేసరికి ఆడవాళ్ళమంతా తడిసిన పరుపులు రోడ్డుకు అడ్డంగా వేసి కూర్చున్నాం. అట్టముక్కల మీద రాసింది ఒక్కటే మాట: నాలా బాగుచేయండి. ఏటా పూడిక తీస్తారు, తీసిన మట్టి గట్టు మీదే కుప్ప పోస్తారు. మొదటి వానకు అదంతా మళ్ళీ నాలాలోకే. ఈ సంగతి మా పిల్లలకు కూడా తెలుసు.

అదే నెల 19న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ వరదలో మునిగిన ఇళ్ళకు పదివేల సాయం ప్రకటించారు. అప్పటినుంచి నాలా సంగతి మేమూ మర్చిపోయాం, ఆకలి అట్లాంటిది. లిస్టులో ఎవరి పేరుందన్నదే గొడవ. చుక్క నీరు ఎక్కని మేడకు డబ్బులొచ్చాయి. కింద మునిగిన మమ్మల్ని "కిరాయిదార్లా? తర్వాత చూద్దాం" అన్నారు. కొందరి చేతిలో సగమే పెట్టారని పక్క బస్తీవాళ్ళు మొత్తుకున్నారు. మళ్ళీ ధర్నాకు పోతే గేటు వేసేశారు. లోపల్నుంచి ఒకాయన, "ఇక్కడ లొల్లి చేస్తే ఏం రాదక్కా, మీసేవకు పో" అన్నాడు.

నవంబరులో పదివేలకు అర్జీ పెట్టడానికి మీసేవ ముందు తెల్లవారకముందే లైను. మూతికి మాస్కు, చేతిలో ఆధార్ జిరాక్స్, బ్యాంకు పాస్‌బుక్. చంటిపిల్లల తల్లులు, నడుము వంగిన ముసలివాళ్ళు ఆ లైన్లోనే. మధ్యాహ్నానికి సర్వర్ డౌన్ అనేవాళ్ళు. నగరంలో ఒకచోట క్యూలో నిలబడ్డ ఒకామె కుప్పకూలి చనిపోయిందని విన్నాక కూడా ఎవరమూ ఇంటికి పోలేదు. పోతే వెనకవాళ్ళు ముందుకొస్తారు.

17న కార్పొరేషన్ ఎన్నికల ప్రకటన వచ్చింది. 18న ఎన్నికల సంఘం పంపిణీ ఆపమంది. నేను దాదాపు కౌంటరు దాకా వచ్చాను, షట్టరు దించేశారు. ఆపమని ఉత్తరం రాసింది మీరంటే మీరని పార్టీలు తిట్టుకున్నాయి. తర్వాత వేలంపాట మొదలైంది: గెలిపిస్తే 25 వేలని ఒకరు, 50 వేలని ఇంకొకరు. మా గుమ్మంలోకి వచ్చినవాళ్ళలో నాలా పేరెత్తినవాడు లేడు. గోడ మీద నీళ్ళ మరక చూసి "అయ్యో" అన్నవాళ్ళున్నారు, అంతే.

డిసెంబరు 1న పోలింగ్. నగరంలో సగానికి పైగా జనం ఓటు వేయలేదు. నేను వేశాను. పదివేలు మాత్రం నాకు రాలేదు.

నాలాల పక్కన ఉండే అక్కచెల్లెళ్ళు, అన్నదమ్ములు ఒక్క పని చేయండి. ఈసారి ఓటు అడగడానికి వచ్చినవాణ్ణి ఎంతిస్తావని అడక్కండి. పూడిక ఏ నెలలో తీస్తావు, తీసిన మట్టి ఎక్కడ పోస్తావు, అది చెప్పమనండి.