గుల్‌మార్గ్ మంచుపై వెడల్పు స్కీలు

కాశ్మీరులోని గుల్‌మార్గ్ సముద్రమట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడి నుండి రోప్‌వే మీద అఫర్వత్ కొండపై 3,900 మీటర్లు దాటి వెళ్ళవచ్చును.

చదును చేసిన బాటలకు సన్నని స్కీలు చాలును. పైనున్న మంచు మాత్రం పిండి వలె మెత్తగా ఉంటుంది. సన్నని స్కీ అందులో దిగబడుతుంది. బురదలో పలక వేసి నడిచినట్లే, వెడల్పాటి స్కీ మన బరువును పరచి పైన తేలుస్తుంది. అందుకే అద్దె కొట్టులో మేము నడుమ 100 మిల్లీమీటర్లకు మించిన జత కోరాము.

బరువు సంగతి కూడా చూడాలి. రోప్‌వే దిగి ఇంకా పైకి పోవాలంటే స్కీలు భుజాన మోయాలి. పలుచని గాలిలో ప్రతి అడుగుకూ ఆయాసమే. అయితే మరీ తేలికైనవి గట్టి మంచుపై అదురుతాయి. కనుక రెండు మూడు జతలు ఎత్తి చూచి మధ్యరకం తీసుకున్నాము.

ఎంత మంచి స్కీలైనా మంచుచరియను ఆపలేవు. 2023 ఫిబ్రవరి 1న ఈ అఫర్వత్ వాలులోనే ఇద్దరు పోలండ్ దేశస్థులు మరణించారు. ప్రియ పాఠకులారా, మీ పిల్లలు అక్కడికి వెళ్తే బీకన్, పార, గుచ్చి వెదికే కడ్డీ తీసుకువెళ్ళమనండి. స్థానిక గైడు వద్దన్న రోజున క్రిందనే ఉండమనండి. మేమూ ఒక రోజు అలాగే ఆగిపోయాము.