తలకోన వనభోజనము

గత కార్తికమున మేమెనమండుగురము బండి మాట్లాడుకొని, తిరుపతినుండి భాకరాపేట కనుమమీదుగా తలకోనకు వనభోజనమునకై పోయితిమి. ఎఱ్ఱచందనమునకు పుట్టినిల్లయిన యీ శేషాచలపుటడవులను 2010లో జీవావరణ రక్షితప్రాంతముగా ప్రకటించిరి. సుమారు 270 అడుగుల యెత్తునుండి దుముకు నీటిక్రింద మాతోడనే బండి నడుపు యువకుడును తలయొగ్గెను. ఎవరికిని తప్పు తోపలేదు.

సిద్ధేశ్వరాలయముచెంత విస్తళ్లు పఱచునప్పుడు మాత్రము అతని విస్తరి వేఱొక చెట్టుక్రిందికి పోయెను. ఎవరును పొమ్మనలేదు, అనవలసిన యక్కఱయే లేకపోయెను. మాలో చిన్నపిల్ల, “ఆ అన్న ఇందాక నీళ్లల్లో మనతోనే ఉండె గదా!” అనెను.

మేము సిగ్గుపడి, విస్తళ్లెత్తుకొని యతనియొద్దకే పోయి కూర్చుంటిమి. కొండలు చూడవచ్చిన మేము మా యింటి గడపను గూడ వెంట మోసికొనివచ్చితిమని యప్పుడు తెలిసికొంటిమి.