మా ఆయన ఇంజన్‌లో కవచ్

మా ఆయన లోకో పైలట్. ఆయన డ్యూటీకి బయల్దేరేటప్పుడు ఇంట్లో ఎవరూ మాట తూలకూడదని మా అత్తగారు పెట్టిన నియమం. మామగారూ రైలు నడిపినవారే మరి.

పోయిన నెల ఆ నియమం తప్పాను. అబ్బాయి ఫీజు దగ్గర మొదలైన మాట ఎక్కడికో పోయింది. ఆయన క్యారియర్ కూడా తీసుకోకుండా వెళ్లిపోయారు.

ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు. 2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర ఒక పాసింజరును వెనక నుంచి మరో పాసింజరు గుద్దిన సంగతే కళ్లముందు మెదిలింది. ఆ ఇంజన్‌లో ఉన్నవాళ్ల ఇళ్లలో ఆ సాయంత్రం ఏం మాట్లాడుకున్నారో అనిపించింది.

మర్నాడు ఆయన రాగానే అడిగేశాను, "నా మాటలు తలుచుకుంటూ నడిపారా?" అని.

ఆయన నవ్వి, "వాడి వైపు లైన్‌లో కవచ్ ఉందిలే" అన్నారు.

కూర్చోబెట్టి చెప్పించుకున్నాను. పట్టాల మధ్య చిన్న ట్యాగులు ఉంటాయట, బండి ఎక్కడుందో ఇంజన్‌కి అవే చెబుతాయి. స్టేషన్ నుంచి రేడియో ద్వారా ముందున్న సిగ్నల్ రంగు ఇంజన్‌లోని తెర మీదకి వస్తుంది. ఎర్ర సిగ్నల్ దగ్గరపడుతున్నా వేగం తగ్గించకపోతే ముందు హెచ్చరిస్తుంది. అప్పటికీ పైలట్ కదలకపోతే తనే బ్రేకు వేసేస్తుంది. 2022 మార్చి 4న మన వికారాబాద్ వైపే, గుల్లగూడ, చిట్టిగిడ్డ స్టేషన్ల మధ్య, ఒకే పట్టా మీద రెండు ఇంజన్లను ఎదురెదురుగా నడిపి చూశారట. ఒక దాంట్లో రైల్వే మంత్రే కూర్చున్నారు. రెండో ఇంజన్ ఇంకా 380 మీటర్ల దూరంలో ఉండగానే బండి దానంతటదే ఆగిపోయింది.

"అంటే మీ మీద నమ్మకం లేకనా అది పెట్టింది?" అన్నాను కాస్త రోషంగా.

"నమ్మకం లేక కాదే. నేనూ మనిషినే కదా, అందుకు" అన్నారు.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది. ఇరవై ఏళ్లుగా ఆయనకి అలసట, పరధ్యానం ఉండకూడదన్నట్టే ఉన్నాను. ఆ యంత్రానికున్న పాటి ఇంగితం నాకు లేకపోయింది.

"కవచ్ ఉంది కదా అని గొడవలు పెంచకు. అన్ని లైన్లకీ ఇంకా రాలేదు" అని పడుకోవడానికి వెళ్లారు.

కాలింగ్ బెల్ స్విచ్ కట్టేసి, కుక్కర్ కూతలకి నిద్ర చెడుతుందని అన్నం గిన్నెలోనే వండాను. ఫీజు సంగతి ఆదివారం, ఆయనకి రెస్టు ఉన్నప్పుడు చూసుకుందాం.