మాటయంత్రము పుట్టిన యూరు

గత వేసవిలో మేము అమెరికా పోయి వచ్చితిమి. "ఏమేమి చూచితిరి?" అని యడిగినవారికి నయాగరా జలపాతమును గూర్చి చెప్పక, అంగుళము వెడల్పు గల యొక యుక్కురేకును గూర్చి చెప్పుచుండుటచే బంధువులు నవ్వుచున్నారు. నవ్వినను సరే, ఆ రేకు కథయే సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

మా యింట నొక గ్రామఫోను పెట్టె కలదు. అది మా అత్తగారి తండ్రిగారిది. నల్లని పెట్టె, మూత తెఱచిన లోపల పచ్చని మకమలుగుడ్డ పఱచిన పళ్ళెము, దాని ప్రక్క వంపు తిరిగిన గొట్టము, మూల సూదులుంచు గిన్నె. విద్యుచ్ఛక్తితో దానికి పనిలేదు. ప్రక్కనున్న పిడి త్రిప్పి కీ యిచ్చినచో పాడును. అత్తగారికి డెబ్బదిరెండేండ్లు. వినికిడి తగ్గినది. అయినను ప్రతి శుక్రవారము సంధ్యాదీపము పెట్టిన పిమ్మట నొక్క నాటకపద్యముల ప్లేటు వేయించుకొని, పెట్టె ప్రక్కనే పీటపై కూర్చుండి వినుట ఆమెకు నియమము. కీ యిచ్చుట మా పని.

రెండేండ్లుగా పద్యము నడుమ పెట్టెలో దబ్బుమని చప్పుడు వచ్చుచుండెను. ఆ క్షణమున రాగము వణకి మఱల సర్దుకొనెడిది. కీ చాలలేదు కాబోలునని మేము మఱింత బిగించి త్రిప్పెడివారము. ప్లేటు ముగియగనే, మిగిలిన కీ వచ్చు వారమునకు పనికివచ్చునని మూత వేసెడివారము. నూనె, నేయి, ఉప్పు, పప్పులయందు వలెనే దీనియందును పొదుపు చూపితిమి! మాఘమాసమున నొక రాత్రి, ఎవరును ముట్టకుండగనే, పెట్టెలో టపాకాయ ప్రేలినట్లు చప్పుడయ్యెను. తెల్లవారి చూడగా పిడి పట్టు లేక ఊరక తిరుగుచుండెను. ఊరిలోని పనివాడొకడు మోటారు విప్పి, రెండు ముక్కలైన స్ప్రింగును కాగితమున చుట్టి మా చేతబెట్టి, "ఇవి యిప్పుడు దొరకవండీ, కరెంటు మోటారు బిగించెద"ననెను. అత్తగారు "వద్దు" అని యొక్కమాట యని లోనికి పోయిరి. శుక్రవారము వచ్చెను. దీపము పెట్టి, పీట వాల్చుకొనకయే పోయి పండుకొనిరి. ఆ "వద్దు" మాకు రాత్రింబవళ్ళు వినబడుచునే యుండెను.

ఇంతలో అక్కయ్య, బావగారు టిక్కెట్లు పంపి, వేసవి సెలవులలో తమ యింటికి రమ్మనిరి. వారుండు ఊరి పేరు ఎడిసన్, న్యూజెర్సీ రాష్ట్రము. ఆ పేరు వినగానే మావారు, "ఫోనోగ్రాఫు పుట్టినది అక్కడనే కదా" యని, విరిగిన రేకు ముక్కలను బడిలోని ప్రయోగశాలకు తీసికొనిపోయి స్క్రూగేజితో కొలిచిరి. వెడల్పు ఇరువదియైదు మిల్లీమీటర్లు. మందము ఒక మిల్లీమీటరులో ఆఱు పాళ్ళు, అనగా దశాంశమున 0.6, రెండు ముక్కల పొడవును కలిపి పండ్రెండడుగులకు పైన. రేకు కొసనున్న రంధ్రము ఆకారము కూడ గీసికొని, ఆ కాగితమును పాసుపోర్టులతోపాటు పెట్టెలో పెట్టిరి.

ఎడిసన్ పట్టణమున అడుగిడినవారికి పరదేశమున ఉన్నామన్న తలంపే కలుగదు. ఓక్ ట్రీ రోడ్డను వీథిలో చీరల కొట్లు, మిఠాయి కొట్లు, నగల కొట్లు వరుసగా నున్నవి. కూరల కొట్టులో గోంగూర కట్టలు చూచి మేము నిలువబడిపోతిమి. మా వెనుక నున్న యొకామె, "అది లేతగా లేదండీ, లోపల వేఱే కట్టలున్నవి" అని తెలుగున చెప్పెను. ఈ యూరికి మొదటి పేరు రారిటన్ టౌన్‌షిప్. అచట పనిచేసిన థామస్ ఆల్వా ఎడిసన్ గౌరవార్థము 1954లో పేరు మార్చిరి. ఆ యూరిలోని భాగమే మెన్లో పార్కు. అక్కయ్య యింటినుండి పది నిమిషముల దారి.

మేము పోయిన దినమున సన్నని జల్లు పడుచుండెను. క్రిస్టీ వీథి చిన్నది. ఇరువైపుల నిండ్లు, చెట్లు. నడుమ నెత్తయిన స్తంభము, దాని శిరమున పెద్ద గాజుదీపము. ఎడిసన్ 1876లో తన ప్రయోగశాలను ఇచటనే నెలకొల్పెను. 1877లో మాట నిలుపు యంత్రమును, 1879లో చిరకాలము వెలుగు విద్యుద్దీపమును ఇచటనే సాధించెను. ఆనాటి కట్టడములు ఇప్పుడచట లేవు. వానిని హెన్రీ ఫోర్డు 1929లో మిషిగన్ రాష్ట్రమునందలి డియర్‌బర్నులో మఱల నిర్మింపజేసెను. ఇచట మిగిలినది స్తంభమును, దాని చెంత రెండు గదుల వస్తుప్రదర్శనశాలయును. దేవుని మఱియొక యూరికి తరలించిన గుడివలె తోచెను గాని, లోనికి పోయినంతనే ఆ తలంపు మాసిపోయెను. గది నిండ పాత ఫోనోగ్రాఫులు బాకాలు తెఱచుకొని నిలిచియుండెను.

అచట నొక వృద్ధుడు వచ్చినవారికి వానిని చూపుచుండెను. ఎడిసన్ చేసిన మొదటి యంత్రమునకు స్ప్రింగు లేదు. ఇత్తడి గొట్టముపై తగరపు రేకు చుట్టి, చేతితో త్రిప్పుచు, నోటితో పలుకవలయును. పలుకునపుడు సూది రేకుపై గాట్లు పెట్టును. మఱల త్రిప్పిన నా గాట్లే పలుకును. అయితే చేయి ఎప్పుడును ఒకే వేగమున తిరుగదు. త్వరగా త్రిప్పిన పురుషుని కంఠము బాలుని కంఠమగును; మెల్లగా త్రిప్పిన మూలుగగును. తరువాతి వారు కుట్టుమిషను వలె కాలితో త్రొక్కు యంత్రములు చేసిరి. బ్యాటరీలతో నడచునవి చేసిరి. త్రొక్కుటకు కాలు నొచ్చును. బ్యాటరీలలోని ఆమ్లము ఇంట నుంచుకొన వీలుగాదు. సామాన్య గృహస్థుని యింట పాట వినబడుటకు గడియారములోనిది వంటి యుక్కుచుట్ట కావలసివచ్చెను. 1896 ప్రాంతమున ఎడిసన్ కంపెనీ స్ప్రింగు మోటారు గల ఫోనోగ్రాఫులను ఇండ్లకొఱకు అమ్మనారంభించెను. అదే సంవత్సరమున ఇదే రాష్ట్రమున కామ్డెన్ పట్టణమందు ఎల్‌డ్రిడ్జి జాన్సన్ అను యంత్రకారుడు, బెర్లినర్ కనిపెట్టిన పళ్ళెపు గ్రామఫోనుకు మంచి స్ప్రింగు మోటారు చేసి యిచ్చెను. మన యిండ్లలోని గ్రామఫోను పెట్టెలు ఆ పళ్ళెపు వంశమునకు చెందినవే.

ఆ వృద్ధుడు మైనపు గొట్టము నొకదానిని రెండు వ్రేళ్ళు లోన జొనిపి, పైభాగము తాకకుండ పట్టుకొని యంత్రమునకు తొడిగెను. కీ యిచ్చుచు నోటిలో లెక్కపెట్టుచుండెను. నూఱేండ్లనాటి బాకా వాద్యము గదియంతయు నిండెను. ఎక్కడను దబ్బుమను చప్పుడు లేదు. మేము మా పెట్టె సంగతి చెప్పగా నతడు నవ్వి, "ఆ చప్పుడు చేయునది స్ప్రింగు కాదు, ఎండిన గ్రీజు" అనెను. మావారు కాగితము తీసి కొలతలు చూపిరి. అతడు చాలసేపు చూచి, ఇట్టి మోటారులను బాగుచేయు తన స్నేహితునికి టెలిఫోను చేసి, శనివారము మమ్ము రమ్మనెనని చెప్పెను.

నడుమ నొకనాడు బావగారు మమ్ము వెస్ట్ ఆరెంజికి తీసికొనిపోయిరి. సుమారు ఇరువది మైళ్ళ దూరము. ఎడిసన్ 1887లో మెన్లో పార్కును మించిన ప్రయోగశాలను అచట కట్టించెను. ఎఱ్ఱయిటుకల కట్టడము. క్రింద యంత్రశాలలో కప్పునుండి తోలుపట్టాలు వ్రేలాడుచు, ఒక్క ఇరుసుతో ఎన్నో యంత్రములు తిరుగునట్లమర్చియున్నవి. గ్రంథాలయమున పుస్తకములనడుమ నతడు కునుకు తీయు మంచము! పై అంతస్తున సంగీతము పట్టిన గది. ఎడిసన్‌కు చెవుడుండెను. సంగీతము నిర్ణయింపవలసినపుడు యంత్రపు కొయ్యను పండ్లతో పట్టి, ఆ అదురును ఎముకల ద్వారా వినెడివాడట. ఈ మాట విన్నంతనే మాకు మా అత్తగారు జ్ఞప్తికి వచ్చిరి. ఆమె పెట్టెను ఆనుకొనియే పీట వాల్చుకొనుట చాదస్తమని మేము తలంచుచుంటిమి! ఎడిసన్ కంపెనీ 1929లో ఫోనోగ్రాఫు రికార్డుల వ్యాపారము విడిచెను. రెండేండ్లకు 1931లో ఆయన కాలధర్మము నొందెను.

శనివారము ఆ బాగుచేయువాని యింటికి పోతిమి. ఇంటి క్రింది నేలగదిలో నతని పనిశాల. మేము వచ్చునప్పటికి మా దానివంటి మోటారు నొకదానిని విప్పుటకు సిద్ధముగా నుంచెను. మొట్టమొదట పళ్ళెమును ఊరక తిరుగనిచ్చి, కీ పూర్తిగా దిగువఱకు వేచియుండెను. "దీనిని మఱచినవానికి వ్రేళ్ళుండవు" అనెను. పిమ్మట తోలు తొడుగులు చేతులకు వేసికొని, డబ్బీవంటి ఇనుపగిన్నె మూత తీసి, లోని చుట్టను నడిమినుండి ఒక్కొక్క వరుసగా వెలికి రానిచ్చెను. డబ్బీలో ఒదిగియున్న రేకు గది సగమంత సాగెను. దానిపై నల్లని జిగురు. పాకము ముదిరి గట్టిపడినట్లు గ్రీజు ముదిరి వరుసలను అంటించివేసెను. కీ దిగునపుడు ఒక్కొక్క వరుస మెల్లగా జాఱవలయును. అంటుకొన్నచో జాఱక పట్టియుండి, ఒక్కసారి విడివడును. అదియే దబ్బు! దానిని బలిమితో బిగించుటవలన ఉక్కు అలసి విఱుగును. మేము రెండేండ్లు చేసినది అదే.

రేకును కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో తుడిచి, పగులున్నదేమో దీపము క్రింద అంగుళమంగుళము చూచెను. నల్లసీసపు పొడి, అనగా గ్రాఫైటు, కలిసిన క్రొత్త గ్రీజు పలుచగా పూసి మఱల చుట్టెను. తరువాత మాకు వేగము నిలుపు భాగమును చూపెను. ఒక సన్నని ఇరుసు చుట్టు మూడు చిన్న గుండ్లు పలుచని రేకులకు బిగించియున్నవి. మన బాలికలు ఒప్పులకుప్ప తిరుగునపుడు వేగము హెచ్చినకొలది వెనుకకు వాలుదురు గదా, ఆ గుండ్లును అట్లే వెలుపలికి పోవును. పోవుచు నొక బిళ్ళను లాగును. ఆ బిళ్ళ తోలుముక్కకు ఒరసికొని వేగమును తగ్గించును. ఆ తోలు ఎండిపోయిన రాగము కీచుమనును. దానికొక్క చుక్క నూనె చాలును. ఇరుసు కొసలకు చెఱియొక చుక్క. "గ్రీజు స్ప్రింగునకు, నూనె ఇరుసునకు, ఒకదాని చోట నొకటి వాడరాదు" అని యతడు మమ్ము రెండుమాఱులు పలికించెను.

మా కొలతకు సరిపడు క్రొత్త స్ప్రింగు అతని బీరువాలో నుండెను. ఇట్టివి నేటికిని చేయువారున్నారట. అది బిగువైన తీగకట్టులో చుట్టియుండెను. ఇచ్చుచు, కీ ఎన్నడును మిగిల్చి నిలువయుంచవద్దని, చివరి బిగువు వఱకు త్రిప్పవద్దని చెప్పెను. ఫిలడెల్ఫియా పోవుచు కామ్డెన్‌లో జాన్సన్ నెలకొల్పిన కంపెనీ వారి పాత కట్టడపు గోపురమును చూచితిమి. బాకా ముందు కూర్చున్న కుక్కబొమ్మ రంగుటద్దములలో మెఱయుచున్నది. ఆ కట్టడమున నిప్పుడు జనులు కాపురములుండుచున్నారు.

జూన్ నెలలో ఇల్లు చేరితిమి. ఆదివారమున మావారు తోలు తొడుగులు వేసికొని స్ప్రింగు నమర్చిరి. మేము గ్రీజు పూసితిమి. మా యబ్బాయి ప్లేటు అంచున కాగితపుముక్క నుంచి, గడియారము చూచుచు నిమిషమునకు ఎన్ని చుట్లో లెక్కించెను. మొదట ఎనుబదిమూడు, మర త్రిప్పి సరిచేయగా డెబ్బదియెనిమిది. శుక్రవారమువఱకు ఆగుదమనుకొంటిమి గాని, అత్తగారు అప్పుడే పీట తెచ్చుకొనిరి. క్రొత్త సూది పెట్టి ప్లేటు వేసితిమి. ఆమె అఱచేయి పెట్టె ప్రక్కన ఆనించి, కన్నులు మూసికొనిరి. మూడు నిమిషముల పద్యము తొణకక సాగెను.

ప్లేటు ముగిసినంతనే మేము బ్రేకు వేయబోతిమి. ఆమె మా చేయి పట్టుకొని, "ఉండమ్మాయీ, కీ పూర్తిగా దిగిపోనీ. మా నాన్నగారు ఎప్పుడూ మిగలనిచ్చేవారు కాదు. మిగిలితే ఉక్కుకు నిద్ర ఉండదు అనేవారు" అనిరి.

మేము నిశ్చేష్టులమైతిమి. "అత్తయ్యగారూ, మీకు ముందే తెలియునా?" అంటిమి.

"తెలుసు. ఒకసారి చెప్పబోయాను. మీరు పనిలో ఉన్నారు. మళ్ళీ చెబితే అత్త సాధింపు అనుకుంటారని ఊరుకున్నాను."

పళ్ళెము మెల్లగా తిరిగి తిరిగి తనంత నాగెను. ఏడు సముద్రములు దాటి మేము నేర్చివచ్చిన మాట, మా యింటి పీటపైననే రెండేండ్లుగా కూర్చుండియుండెను. స్ప్రింగునకు మేము చేసిన అపచారమునకు పరిహారము దొరికినది. ఆమె చెప్పబోయిన నాడు వినకపోయినందులకు పరిహారమేమో మాకింకను తోచలేదు. ఇప్పుడు ప్రతి శుక్రవారమును కీ యిచ్చునది మా యబ్బాయి. లెక్క పెట్టునది వాని నాయనమ్మ. మేము ప్రక్కన కూర్చుండి, ఆ పెట్టెను గూర్చియే కాక, మఱచిపోకముందే అడుగవలసినవన్నియు ఒక్కొక్కటిగా ఆమెను అడుగుచున్నాము.