జానెడు డిక్కీ, మూడు సిలిండర్లు

మారుతి డిజైర్ బొమ్మను గోడకు అంటించుకున్న కుర్రాణ్ని నేనింతవరకు చూడలేదు. శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు దింపే క్యాబ్ అదే. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు వాకిట్లో ఆపేదీ అదే. రిటైరైన మేష్టారు పీఎఫ్ డబ్బుతో కొనుక్కుని ఆదివారం పూట తడిగుడ్డ పెట్టి తుడుచుకునేదీ అదే. 2018లో దేశం మొత్తం మీద అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయిన కారు అది. లెక్కలేసుకుని కొనే బండే తప్ప ముచ్చటపడి కొనే బండి కాదు. అయినా 2024 నవంబరు 11న కొత్త డిజైర్ వచ్చినప్పుడు, ఇంజన్లో ఒక సిలిండర్ తగ్గిపోయిందని తెలిసి, కార్లంటే పడిచచ్చేవాళ్లు గట్టు దగ్గర అన్నదమ్ముల్లా తగాదా పడ్డారు. ఇంకా పడుతూనే ఉన్నారు.

నాకు ఆ తగాదా వినడం ఇష్టం. రాజకీయాల మీద వాదించుకునేవాళ్లకు లేని నిజాయితీ ఏదో వీళ్లలో ఉంటుంది. బానెట్ ఎత్తి చూపిస్తారు, స్టార్ట్ చేసి వినిపిస్తారు.

సంగతి ఇదీ. పాతదీ కొత్తదీ రెండూ 1197 సీసీ ఇంజన్లే. పాతదాంట్లో ఆ జాగాను నాలుగు సిలిండర్లు పంచుకునేవి, కొత్తదాంట్లో మూడు పంచుకుంటాయి. సిలిండర్ తగ్గితే రాపిడి తగ్గుతుంది, గోడల్లోంచి వృథాగా పోయే వేడీ తగ్గుతుంది. అలా మాన్యువల్ గేర్ల బండి మైలేజ్ లీటరుకు 22.41 నుంచి 24.79 కిలోమీటర్లకు పెరిగింది. గేర్లు తనే మార్చుకునే మోడల్‌కైతే కంపెనీ చెప్పే లెక్క 25.71. బదులుగా 90 దగ్గరున్న హార్స్‌పవర్ 82కు దిగింది. ఇంకోటి కూడా పోయింది గానీ అది బ్రోషర్‌లో ఉండదు. నాలుగు సిలిండర్ల ఇంజన్లో రెండు పిస్టన్లు పైకి పోతుంటే రెండు కిందికి దిగుతాయి, క్రాంక్ అరచుట్టు తిరిగేసరికల్లా ఒకటి పేలుతుంది, ఊపు ఊపుకూ సరిపోతుంది. మూడున్నప్పుడు పేలుడుకూ పేలుడుకూ మధ్య 240 డిగ్రీల ఎడం వస్తుంది. పైగా ఇంజన్ ఆ కొసా ఈ కొసా ఎత్తి దించుతున్నట్టు ఊగుతుంది. హైవే మీద ఇది తెలియదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు గేర్ రాడ్ మీద చెయ్యేసి చూడండి, సన్నని జలదరింపు తగులుతుంది. పక్కన పెట్టిన సీసాలో నీళ్ల మీద ముడతలు పడుతుంటాయి.

మా పరిచయస్థుల్లో ఈ విషయం మీద మూడు పక్షాలున్నాయి. బ్యాంకులో పనిచేసే ఒకాయన చెవితో బండి నడుపుతాడు. “పాతదాన్ని స్టార్ట్ చేస్తే, స్టార్టయిందో లేదోనని మళ్లీ తాళం తిప్పేవాళ్లు గురూ! ఇది ఆటో మొదలైనట్టు మొదలవుతుంది” అంటాడు. కొంత అతిశయోక్తి ఉంది, కొంత నిజమూ ఉంది. ట్రావెల్స్ నడిపే ఇంకొకాయనకు ఈ బాధే అర్థం కాదు. “మీరు వారానికోసారి తీస్తారు సార్ బండి. మా డ్రైవరు నెలకు ఐదు వేల కిలోమీటర్లు తిప్పాలి. నాకు వణుకుతో ఏం పని?” ఆయన ఎలాగూ సీఎన్‌జీ బండ్లే కొంటాడు. కిలోకు 33.73 అన్న అంకె ఆయన నాలుక మీదే ఉంటుంది. డిక్కీని సిలిండర్ మింగేసిందని ప్యాసింజర్లు గొణిగితే పైన క్యారియర్ కట్టించి ఊరుకుంటాడు. ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్టు పెట్టుకున్నాయన అందరికన్నా జాగ్రత్తపరుడు. “పాత ఇంజన్ లక్షన్నర తిరిగినా హెడ్ విప్పిన పాపాన పోలేదన్నా. దీని సంగతి ఇంకో నాలుగేళ్లు పోతే గానీ చెప్పలేం” అంటాడు.

ముగ్గురిలో నాకు మూడో ఆయన మాటే బరువుగా అనిపిస్తుంది. అయితే ముగ్గురూ ఒకటి మర్చిపోతున్నారు. ఈ బండిని కత్తిరించడం ఇది మొదటిసారి కాదు.

2008లో మొదటిసారి వచ్చినప్పుడు దాని పేరు స్విఫ్ట్ డిజైర్, పొడవు 4160 మిల్లీమీటర్లు. స్విఫ్ట్‌కు వెనకాల పెట్టె అతికించినట్టుందని అప్పుడూ వెక్కిరించారు. కానీ ఆ పెట్టెలో 440 లీటర్ల జాగా ఉండేది. ఇంటిల్లిపాదీ తిరుపతి వెళ్లొచ్చినా లడ్డూల సంచితో సహా సామాను అందులోనే పట్టేది. 2012లో రెండో డిజైర్ వచ్చింది, పొడవు 3995. పోయింది జానెడు కూడా లేని ముక్కే గానీ, డిక్కీ 316 లీటర్లకు పడిపోయింది. ఆ జానెడు ఎందుకు పోయిందంటే, 2006 బడ్జెట్‌లో చిదంబరం చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16కు తగ్గించి, చిన్న కారంటే నాలుగు మీటర్లు దాటకూడదని గీత గీశారు. పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటకూడదన్నారు. ఆ గీతకు ఐదు మిల్లీమీటర్లు ఇవతల డిజైర్ ఆగింది. ప్రపంచంలో మరే దేశంలోనూ సెడాన్‌కు అంత పొట్టి తోక అవసరం పడలేదేమో.

అప్పుడూ ఇలాగే గోలపెట్టారు. తోక తెగిందన్నారు, పక్కనుంచి చూడలేమన్నారు. తర్వాత అలవాటైపోయింది. ఇప్పుడు పాత డిజైర్ అందంగా ఉండేదని నిట్టూర్చేవాళ్లలో చాలామంది తలుచుకునేది 2017లో వచ్చిన మూడోదాన్ని. అదీ 3995 మిల్లీమీటర్లదే. డిక్కీని మాత్రం 378 లీటర్లకు పెంచుకోగలిగారు. ఒళ్లు తేలికచేసి మైలేజ్ పెంచినందుకు అప్పట్లో మెచ్చుకున్నవాళ్లే తలుపేసిన చప్పుడు విని రేకు డబ్బా అన్నారు. కొత్తదానికి గ్లోబల్ ఎన్‌క్యాప్ ఢీకొట్టే పరీక్షలో, పెద్దల రక్షణ విషయంలో, ఐదు నక్షత్రాలొచ్చాయి. మారుతి బండికి ఐదు రావడం అదే మొదలు. సిలిండర్ గురించి గంట మాట్లాడేవాళ్లు దీన్ని ఒక ముక్కలో దాటేస్తారు. నన్నడిగితే ఆ బండిలో చెప్పుకోదగ్గ మార్పు అదే.

ఇంతకీ ఈ దేశంలో మధ్యతరగతికి డ్రైవింగ్ నేర్పిన మారుతి 800లో ఉన్నవి మూడు సిలిండర్లే. 1983 డిసెంబరులో మొదటి బండి తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా అందినప్పుడు, అంబాసిడర్ పక్కన దాని ఇంజన్ ఎంత మెత్తగా ఉందోనని జనం మురిసిపోయారు. చెవికి కూడా చరిత్ర ఉంటుంది మరి.

మైలేజ్ లెక్క దగ్గరికి వద్దాం, ఎందుకంటే అసలు తిరకాసు అక్కడే ఉంది. ఆ 24.79 రోడ్డు మీద వచ్చింది కాదు. పరీక్షశాలలో రోలర్ల మీద, ఏసీ ఆపేసి, గంటకు తొంభై దాటకుండా నడిపితే వచ్చిన అంకె. మే నెలలో విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఏసీ ఆపి నడిపే మొనగాడెవరో నాకు తెలియదు. సరే, ఆ అంకెనే నమ్ముదాం. వెయ్యి కిలోమీటర్లకు పాత బండి 44.6 లీటర్లు తాగితే, కొత్తది 40.3 తాగుతుంది. మిగిలింది నాలుగు లీటర్ల చిల్లర. లీటరుకు పది కిలోమీటర్లిచ్చే భారీ ఎస్‌యూవీ ఏదైనా ఇంతే మెరుగుపడి 12.38 ఇచ్చిందనుకోండి, అదే వెయ్యి కిలోమీటర్లకు 19 లీటర్లు మిగులుతాయి. అంటే బాగా పొదుపు నేర్చినదాన్నే పట్టుకుని ఇంకా పొదుపు చెయ్యమంటున్నాం.

దీని వెనక కెఫే అనే నిబంధన ఉంది. 2022-23 నుంచి ఒక కంపెనీ అమ్మిన కార్లన్నిటి కార్బన్ డయాక్సైడ్ సగటు, కాస్త అటూఇటూగా, కిలోమీటరుకు 113 గ్రాముల దగ్గర ఉండాలి. బండి బండికీ కాదు, అన్నిటికీ కలిపి సగటు. కాబట్టి డిజైర్ మిగిల్చిన గ్రాములు కంపెనీ ఖాతాలో జమపడతాయి, అదే కంపెనీ అమ్మే పెద్ద బండి వాటిని ఖర్చుపెడుతుంది. మేష్టారి గేర్ రాడ్ వణుకుతుంటే ఆ లాభంలో ఒక వంతు ఎవరి సన్‌రూఫ్ కిందకు పోతోందో ఆయనకు తెలియదు. సన్‌రూఫ్ ఇప్పుడు డిజైర్‌కూ ఇచ్చారనుకోండి, అది వేరే వినోదం. ఎండ నెత్తిన పడితే ఏసీ ఎక్కువ తాగుతుంది.

ఒక కోత పన్ను గీత వల్ల వచ్చింది, రెండోది ఎక్కువగా ఈ సగటు వల్ల వచ్చింది. రెండుసార్లూ మావాళ్లు తిట్టింది సుజుకి ఇంజనీర్ల అభిరుచిని. ఆ గీత చెరిగే సూచన కూడా లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు చిన్న పెట్రోలు కార్లకు జీఎస్టీ 18 శాతం, గీత దాటితే 40. ఇంకో జానెడు పొడుగు కావాలంటే కట్టాల్సిన తేడా అది.

మొన్న టీ దగ్గర బ్యాంకు ఆయన మళ్లీ మొదలెట్టాడు. నాలుగు సిలిండర్లు ఉంచి, డిక్కీ నిండుగా ఉంచి, నాలుగున్నర మీటర్ల నిఖార్సైన సెడాన్ ఒకటి మారుతి చెయ్యకూడదా అని. చేసింది కదా, 2014 నుంచి అమ్మింది కదా, సియాజ్ అని పేరు కూడా పెట్టింది కదా అన్నాడు స్పేర్ పార్టులాయన. కొనేవాళ్లు లేక 2025లో ఆపేశారు. అక్కడ కూర్చున్నవాళ్లలో ఎవరింట్లోనైనా ఉందా అని అడిగాడు. ట్రావెల్స్ ఆయన ఒక్కడే నోరు విప్పాడు. సెకండ్‌హ్యాండ్‌లో మంచి రేటుకు దొరుకుతోందట, కావాలంటే చూపిస్తానన్నాడు. బ్యాంకు ఆయన దాని మైలేజ్ ఎంతని అడిగాడు.