అరవై నాలుగు గళ్ల వడ్లు

చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు. ఇలా రెట్టింపు చేసుకుంటూ అరవై నాలుగు గళ్లూ నింపితే మొత్తం 18446744073709551615 గింజలు. లక్షా 84 వేల 467 కోట్ల కోట్ల పైచిలుకు!

ఈ ఇరవై అంకెల సంఖ్యను తెలుగువాళ్లు ఒక్క పద్యంలో దాచుకున్నారు. మహావీరాచార్యుల గణితాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన పేరుతో అది ప్రచారంలో ఉంది. ఐదుకు బాణం, ఒకటికి చంద్రుడు, ఏడుకు కొండ, సున్నాకు ఆకాశం. కుడి నుంచి ఎడమకు పేర్చుకుంటూ పోతే సంఖ్య పొల్లుపోకుండా వస్తుంది. పద్యం నోటికి వస్తే సంఖ్య కూడా వచ్చినట్టే.

ఈ లెక్క రుచి తెలియాలంటే శిరివెళ్ల కల్లాల్లో చూడాలి. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా కేసీ కాలువ కింద సోనా వడ్లు పండుతాయి. సన్నగింజ, వెయ్యి గింజలు సుమారు 15 గ్రాములు తూగుతాయి. బల్ల మీద మొదటి వరుసకు 255 గింజలు, అరచేతి మధ్యలో ఇమిడిపోతాయి. రెండు వరుసలకు 65,535. కిలోకు కాస్త తక్కువ. సగం బల్ల నిండేసరికి 64 టన్నులు, అంటే 75 కిలోల బస్తాలు 859. ఎకరాకు ముప్పై బస్తాల చొప్పున ఇరవై తొమ్మిది ఎకరాల పంట. అంతవరకు ఊళ్లో ఒక మోతుబరి ఇవ్వగలడు. బల్లంతా నింపాలంటే మాత్రం 27 వేల 670 కోట్ల టన్నులు కావాలి. ప్రపంచమంతా కలిసి ఏడాదికి పండించేది దాదాపు 80 కోట్ల టన్నులే. మూడు వందల నలభై ఏళ్ల పంటయినా సరిపోదు.

పరిమాణం కన్నా దీని లోపలి అల్లిక నాకు ఎక్కువ ఇష్టం. రెండో వరుసలో ప్రతి గడీ తన పైగడికి 256 రెట్లు. కాబట్టి 255ను 257తో గుణిస్తే రెండు వరుసల మొత్తం వస్తుంది. దాన్ని 65,537తో గుణిస్తే సగం బల్ల, దాన్ని 4,29,49,67,297తో గుణిస్తే బల్లంతా. మొదటి వరుస 3, 5, 17ల లబ్ధం. 257, 65,537 ప్రధాన సంఖ్యలు. చివరిదీ ప్రధాన సంఖ్యేనని ఫ్రాన్సు గణితవేత్త ఫెర్మా నమ్మాడు. దాన్ని 641 నిశ్శేషంగా భాగిస్తుందని 1732లో మరో గణితవేత్త ఆయిలర్ చూపించాడు. ఇవాళ కంప్యూటర్లో 64 బిట్లలో పట్టే అతిపెద్ద పూర్ణ సంఖ్య కూడా మన పద్యంలోని సంఖ్యే.

లెక్కల మాస్టార్లకు నాదొక మనవి. ఈ పంటకాలంలో పిల్లల ముందు ఒక చదరంగం బల్ల, కిలో వడ్లు పెట్టండి. మొదటి వరుస లెక్కపెట్టించండి, రెండోది తూకం వేయించండి. ఆపైన పద్యం నేర్పండి. ఘాతాంకాలంటే ఏమిటో ఆ పిల్లలు జన్మలో మరిచిపోరు.